ఎస్‌ఐపీ ఆపాలా, కాయ అమ్మాలా? (పాడ్‌కాస్ట్ రాతప్రతి)

చిన్ని: అందరికీ నమస్తే. సంక్రాంతి బాగా జరిగిందనుకుంటా. ఇవాళ నేను విజయవాడలో లేను, గుంటూరొచ్చేశా. బ్రాడీపేటలో బాబాయ్ వాళ్ళ ముందుగదిలో కూర్చున్నాం. వెనక ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే... పాతవాళ్ళకి తెలుసుగా.

బాబాయ్: ఆ ఫ్యాన్ మార్చేది లేదు.

చిన్ని: మార్చమనట్లేదు బాబాయ్. సరే, ఇవాళ్టి విషయం. రోజులు ఇట్లా ఉన్నప్పుడు మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే ఎస్‌ఐపీ ఆపాలా, కొనసాగించాలా? మెసేజ్‌లన్నీ ఇవే. డాలర్ 90 రూపాయలు దాటింది. అమెరికా సుంకాల దెబ్బ మన రొయ్యల మీద పడింది. రిజర్వ్ బ్యాంకు 2025 డిసెంబర్లో రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 5.25 శాతానికి దించింది, ఎఫ్‌డీల మీద వచ్చే వడ్డీ తగ్గింది. బంగారం 10 గ్రాములు 2025 ఏప్రిల్లోనే లక్ష తాకింది, ఇప్పుడు బీసెంట్ రోడ్డులో కొట్టు మెట్లెక్కాలంటేనే ఆలోచించాల్సి వస్తోంది. చేతిలో నాలుగు రూపాయలున్నా ఎక్కడ పెట్టాలో తెలియట్లేదంటున్నారు.

బాబాయ్: భయపడటంలో తప్పులేదు. కానీ కొత్తగా ఎక్కడ పెట్టాలి అని అడిగేముందు, ఉన్నవాటికి నామినీ, అంటే మన తర్వాత ఆ డబ్బు అందుకునే మనిషి పేరు, రాశారా అని...

చిన్ని: ఒకటి! బాబాయ్ నామినీ అన్నప్పుడల్లా లెక్క రాసుకోండి అందరూ.

బాబాయ్: రాసుకోండి, మంచిదే. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో కూడా చెప్పొచ్చు. ఇంత వెసులుబాటు ఇచ్చాక కూడా ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఎట్లా?

చిన్ని: వస్తాం, దానికీ వస్తాం. ముందు ఒక ఉత్తరం చదువుతా, ఎస్‌ఐపీ గురించే. ఈ అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. సొంతూరు గుంటూరు దగ్గరే, ఊరి పేరు చెప్పొద్దంది. నెలకి 10,000 కడుతోంది. వాళ్ళ నాన్నగారు మిర్చి వేస్తారు. పోయిన సీజన్ కాయ ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉందట. దాని మీద లోను ఉంది. "ఎస్‌ఐపీ ఆపేసి ఆ డబ్బుతో లోను వడ్డీ నేను కడితే, నాన్న రేటొచ్చేదాకా సరుకు ఆపుకోగలడు కదా, చెయ్యమంటారా?" అని అడుగుతోంది.

బాబాయ్: వద్దు.

చిన్ని: అంత టక్కున చెప్తావేంటి?

బాబాయ్: బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ ఆ లోన్లు నా బల్ల మీద నుంచే పోయాయమ్మా. లెక్క చూడు. 100 క్వింటాళ్ళు అనుకో. క్వింటా 12,000 చొప్పున 12 లక్షల సరుకు. దాని మీద 7 లక్షల లోను, వడ్డీ 10 శాతం అనుకో. తొమ్మిది నెలలు ఉంచితే వడ్డీ 52,500. క్వింటాకి 525 రూపాయలు. ఆ పైన స్టోరేజీ అద్దె, హమాలీ, తూకంలో వచ్చే తరుగు. తొమ్మిది నెలల తర్వాత కూడా అదే రేటు పలికితే, పెట్టిన రోజు అమ్మినవాడికంటే ఈయనకి తక్కువ వచ్చినట్టే.

చిన్ని: రేటు అక్కడే ఉంటేగా. 2021-22లో నల్ల తామర పురుగొచ్చి తోటలు తోటలే పోయాయి. ఆ తర్వాత 2023లో తేజ రకం 20,000 దాటింది. అప్పుడు స్టోరేజీలో కాయ ఉన్నవాళ్ళు బాగుపడలేదా?

బాబాయ్: పడ్డారు. ఆ రేటు చూసి పత్తి వేసేవాడూ మిర్చే వేశాడు. ఏమైంది? రేటు పడిపోయి 2025 ఫిబ్రవరికి కేంద్రం కల్పించుకుని క్వింటాకి 11,781 అని ధర ప్రకటించాల్సొచ్చింది. పురుగు ఎప్పుడొస్తుందో, చైనా వాడు తేజ ఎంత కొంటాడో నీకు తెలుసా, నాకు తెలుసా?

చిన్ని: తెలియదు. ఆ లెక్కన మార్కెట్ ఎప్పుడు పెరుగుతుందో కూడా తెలియదు. మరి షేర్లు పట్టుకుని కూర్చోమని చెప్పే నువ్వు, కాయ పట్టుకుని కూర్చోవద్దంటావేంటి?

బాబాయ్: రెండూ ఒకటి కాదు కాబట్టి. కాయ స్టోరేజీలో ఉన్నన్నాళ్ళూ రూపాయి సంపాదించదు, పైగా ఖర్చు రాస్తుంది. రంగు తగ్గుతుంది. జనవరి దాటి కొత్త కాయ దిగిందంటే పాతకాయ అంటూ రేటు కోస్తారు. కంపెనీ షేరు ధర సగమైనా, లోపల ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంటుంది, సరుకు అమ్ముతూనే ఉంటుంది. లాభముంటే డివిడెండ్ ఇస్తుంది.

చిన్ని: మూతపడ్డ కంపెనీలు లేవా?

బాబాయ్: ఉన్నాయి. అందుకే ఒక్క కంపెనీ కాకుండా ఇండెక్స్ ఫండ్ అంటా, నిఫ్టీ లాంటి సూచీలోని కంపెనీలన్నీ కొనే ఫండ్. నిఫ్టీలో 50 ఉంటాయి. ఒకటి చితికితే దాన్ని తీసి ఇంకొకటి చేరుస్తారు. మీ కాయ బస్తాలో పాడైంది తీసి మంచిది ఎవరు వేస్తారు?

చిన్ని: అది కాదు నేననేది. నువ్వు బ్యాంకు బల్లకి అటువైపు కూర్చుని మాట్లాడుతున్నావ్. ఇటువైపు నుంచి చూడు. ఫిబ్రవరి, మార్చిల్లో గుంటూరు మిర్చి యార్డుకి రోజుకి లక్ష బస్తాలు దాటొస్తాయి. చుట్టుగుంట దగ్గర లారీలు కదలవు. ఆ రద్దీలో తెచ్చినవాడి కాయకి ఏం రేటొస్తుంది? కోత కూలీ, కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ, అన్నీ ఆ నెలలోనే నెత్తిన కూర్చుంటాయి. అమ్మక తప్పక అమ్మే రేటు అది. కోల్డ్ స్టోరేజీ ఒక్కటే ఆ మనిషికి నాలుగు నెలలు ఊపిరి పీల్చుకునే చోటు. దాన్ని కూడా వద్దంటే ఎట్లా?

బాబాయ్: నాలుగు నెలలు వద్దన్నానా? వేసంగిలో స్టోరేజీలో పెట్టి, ఆగస్టుకో సెప్టెంబరుకో చూసుకుని అమ్మడం ఎప్పుడూ ఉన్నదే. ఈయన సరుకు జనవరికి కూడా అక్కడే ఉంది. వెనక కొత్త పంట వస్తోంది, దానికీ పెట్టుబడి పెట్టి ఉంటాడు. ఇప్పుడింక రేటు చూసి ఆపట్లేదు, తక్కువకి అమ్మాలంటే భయమేసి ఆపుతున్నాడు. ఇదే మాట మీ నాన్నకీ ఆ ఏడాది...

చిన్ని: బాబాయ్.

బాబాయ్: ...సరే.

చిన్ని: నాన్న సంగతి ఇక్కడ వద్దనుకున్నాం కదా.

బాబాయ్: వద్దులే. నోరు జారింది.

చిన్ని: ...కాదు, చెప్తా. నాన్న ఆశపడి ఆపలేదు. ఆరోజు యార్డులో చెప్పిన రేటుకిస్తే కౌలు కూడా తేలేది కాదు. ఇంటికొచ్చి పొలం ఇచ్చినాయనకి ఏం మొహం చూపించాలి అని ఆపాడు. తర్వాత అందరూ దురాశ అన్నారు. నాకు డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ కష్టమేసింది.

బాబాయ్: నేను అనలేదమ్మా.

చిన్ని: నువ్వు అనలేదు. అందుకే నీతో కూర్చుని మాట్లాడుతున్నా.

బాబాయ్: అన్నయ్య ఎవరికీ రూపాయి ఎగ్గొట్టలేదు. అది మాత్రం ఊరంతా చెప్తుంది.

చిన్ని: ఊఁ. సరే. ఈ అమ్మాయి దగ్గరికి వద్దాం.

బాబాయ్: నేనైతే ఏం చేస్తానో చెప్తా. నాన్నతో కూర్చుని కాగితం మీద లెక్క రాయమను. లోను అసలెంత, ఇవాళ్టికి వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు. ఇవాళ్టి రేటుకి ఎన్ని బస్తాలు అమ్మితే ఆ లోను మొత్తం తీరుతుంది. ముందు ఆ మేరకు అమ్మేయాలి. మిగిలింది అప్పు లేని సరుకు. దాన్ని ఆపుకుంటాడా, అమ్ముకుంటాడా, ఆయనిష్టం. అప్పున్న సరుకైతే రేటు బాగోకపోయినా గడువు రోజున బ్యాంకు అమ్మిస్తుంది. లేనిదైతే ఎప్పుడు అమ్మాలో ఆయన చేతిలో ఉంటుంది.

చిన్ని: ఇది ఒప్పుకుంటా. కానీ కూతురు సాయం చెయ్యకూడదంటే మాత్రం ఒప్పుకోను.

బాబాయ్: చెయ్యమను. అసలుకి కట్టమను. వడ్డీ కట్టి సరుకు ఆపించొద్దు.

చిన్ని: నీకు తెలియదు బాబాయ్. వడ్డీ కడతానంటే "సర్లే, రెండు నెలలేగా" అని తీసుకుంటాడు. అసలు కడతానంటే కూతురి ముందు చెయ్యి చాచడు.

బాబాయ్: ...అది నిజమే.

చిన్ని: అందుకే ఆ అమ్మాయి వడ్డీ అని అడిగిందేమో.

బాబాయ్: అయితే ఆ 10,000 వేరే చోట సాయపడనీ. కొత్త పంటకి కోత కూలీ ఖర్చు తను పెట్టుకోమను. అప్పుడు ఈ ఏడాది కాయన్నా అప్పు లేకుండా స్టోరేజీకి పోతుంది. కూలీ ఖర్చంటే తీసుకుంటాడా?

చిన్ని: కూలీ అంటే... తీసుకుంటాడు. "అమ్మాయి కూలీలకి పంపింది" అని పదిమందికీ చెప్పుకుంటాడు కూడా.

బాబాయ్: చూశావా. ఆ లోను కాగితాలు చూసేటప్పుడే ఇంకో పని. స్టోరేజీ రసీదు ఎవరి పేరు మీదుంది, సరుకుకి ఇన్సూరెన్స్ ఉందా, గుంటూరులో స్టోరేజీలు తగలబడటం మనం చూశాం. ఆయన బ్యాంకు ఖాతాకి నామినీ...

చిన్ని: రెండు!

బాబాయ్: నువ్వు లెక్కపెట్టుకో, నేను మాననుగా. ఎందుకు ఇన్నిసార్లు చెప్తానో ఇవాళ చెప్తా. మా పక్క వీధిలో ఒకాయన పోయాడు. ఆవిడకి భర్త సంపాదన ఎక్కడుందో ఒక్క ముక్క తెలియదు. బీరువాలో పాస్‌బుక్కులు, పాలసీ కాగితాలు, అన్నీ కలిపి ఒక సంచిలో వేసుకుని నా దగ్గరికొచ్చింది. డబ్బు ఉంది, కానీ ఆవిడది అని రుజువు చేసుకోవడానికి నెలల తరబడి తిరిగింది. పదేళ్ళు ఎవరూ ముట్టుకోని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్ళిపోతాయి. అయినా హక్కు పోదు, వారసులు అడిగి తీసుకోవచ్చు. 2023లో ఉద్గమ్ అని వెబ్‌సైట్ పెట్టారు, పేరు కొట్టి వెతుక్కోవచ్చు. ఇన్ని తిప్పలు ఒక్క గడి నింపితే తప్పుతాయి.

చిన్ని: నామినీ రాస్తే డబ్బు ఆ మనిషికే సొంతమైపోతుందా?

బాబాయ్: కాదు. బ్యాంకు నామినీ చేతికిస్తుంది. వారసుల వాటా వారసులదే. వాటాల్లో గొడవ వస్తుందనుకుంటే వీలునామా రాసుకోవాలి. రెండూ ఉండాలి.

చిన్ని: సరే. అసలు విషయానికి టైమ్ తక్కువుంది, త్వరగా చెప్పేద్దాం. ఎస్‌ఐపీ ఆపాలా?

బాబాయ్: ఆ డబ్బు ఎప్పుడు కావాలో చెప్తే, ఆపాలో వద్దో చెప్తా. మూడేళ్ళలోపు పిల్లాడి ఫీజుకో, ఇంటి అడ్వాన్స్‌కో కావాలంటే అది అసలు షేర్లలో ఉండకూడదు, మార్కెట్ పెరుగుతున్నా సరే. పదేళ్ళ తర్వాత కావాల్సిందైతే పడినప్పుడు ఆపితే ఏం లాభం? 2020 మార్చి 23న ఒక్కరోజే సెన్సెక్స్ 3,934 పాయింట్లు పడింది. నిఫ్టీ 7,610 దగ్గర ఆగింది. ఆ డిసెంబర్ ఆఖరికి 13,981. ఆ మార్చిలో ఆపినవాళ్ళకి తక్కువ రేటు యూనిట్లు దక్కలేదు.

చిన్ని: ప్రతిసారీ అంత త్వరగా లేవదు బాబాయ్. 2008లో సెన్సెక్స్ 21,000 దగ్గర్నుంచి పడి, 2009 మార్చికి 8,000 దగ్గరికొచ్చింది. మళ్ళీ ఆ పాత ఎత్తు చూడటానికి 2010 చివరిదాకా పట్టింది. ఆ మధ్యలో ఉద్యోగం పోయినవాడు ఏం చెయ్యాలి?

బాబాయ్: అందుకే ఆరు నెలల ఖర్చు ముందు పక్కన పెట్టమంటా. సేవింగ్స్‌లోనో ఎఫ్‌డీలోనో. వడ్డీ తక్కువని చూడొద్దు. ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, అంతకు మించి ఉంటే రెండు బ్యాంకుల్లో పెట్టుకోవాలి. అదింకా కూడకపోతే, ఉద్యోగం ఊగుతుంటే, అప్పుడు ఎస్‌ఐపీ ఆపొచ్చు. నిక్షేపంగా ఆపొచ్చు. మార్కెట్ వార్త చూసి మాత్రం ఆపొద్దు.

చిన్ని: ఈ అమ్మాయికీ ఇదే వర్తిస్తుంది. ముందు తన ఆరు నెలల ఖర్చు చూసుకోవాలి. నాన్న పంట బాగోకపోతే ఆ ఇంటికి ఉన్న జీతం అదొక్కటే.

బాబాయ్: బాగా చెప్పావ్. మనవాళ్ళు ఇంటి మొత్తాన్ని ఒక లెక్కగా చూడరు. తండ్రి మిర్చిలో, కొడుకు తుళ్ళూరు వైపు ప్లాటులో, కోడలు బంగారంలో. ఎవరిది వాళ్ళు చూసుకుని అంతా బాగానే ఉందనుకుంటారు. అవసరం మాత్రం అందరికీ ఒకేసారి వస్తుంది.

చిన్ని: ప్లాటు మాటెత్తావ్ కాబట్టి... వద్దు, ఇప్పుడు మొదలైతే రాత్రవుతుంది.

బాబాయ్: ఒక్క మాట. 2015లో అమరావతి శంకుస్థాపన చూసి కొన్నవాళ్ళు, 2019 డిసెంబర్లో మూడు రాజధానులనగానే కంగారుపడి అమ్మినవాళ్ళు, 2025 మేలో పనులు మళ్ళీ మొదలయ్యాక ఇంకా ఎక్కువ పెట్టి కొన్నవాళ్ళు, నాకు ముగ్గురూ తెలుసు. ముగ్గురిలో నిద్ర పట్టినవాడు అప్పు లేకుండా కొన్నవాడే.

చిన్ని: పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి అక్కడికే తెస్తున్నావ్.

బాబాయ్: అక్కడే ఉంది కాబట్టి.

చిన్ని: బంగారం గురించి అడిగినవాళ్ళకి ఒక్క మాటలో?

బాబాయ్: పెళ్ళికి కావాల్సింది కొద్దికొద్దిగా కొనుక్కోండి. పెట్టుబడికైతే తరుగు, మజూరీ లేని దారి చూసుకోండి. 2015 నవంబర్లో ప్రభుత్వం గోల్డ్ బాండు గ్రాము 2,684కి ఇచ్చింది, 2023 నవంబర్లో 6,132 చొప్పున చెల్లించింది, మధ్యలో వడ్డీ వేరే. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు. ఇప్పుడు గోల్డ్ ఈటీఎఫ్‌లున్నాయి, షేర్లలా కొని అమ్ముకునే బంగారం ఫండ్లు. ఉన్న డబ్బంతా మాత్రం అందులో పొయ్యొద్దు, ఈ రేటు దగ్గర అస్సలు వద్దు.

చిన్ని: పిన్ని లోపల్నుంచి పిలుస్తోంది. ఆఖరిగా ఒకటి, పటమట నుంచి. "మా వీధిలో ఒకావిడ దగ్గర 5 లక్షల చీటీ వేస్తున్నాను. ఇప్పుడు పాడుకుని ఆ డబ్బు ఎఫ్‌డీలో వెయ్యాలా, ఆఖరిదాకా ఆగాలా?"

బాబాయ్: రిజిస్టరైన చీటీయేనా?

చిన్ని: రాయలేదు. వీధిలో ఆవిడ అంటున్నాడంటే కాకపోవచ్చు.

బాబాయ్: అయితే పాటా, ఎఫ్‌డీనా అన్నది తర్వాత. 1982 చట్టం ప్రకారం చీటీ నడపాలంటే రిజిస్ట్రార్ దగ్గర అనుమతి ఉండాలి, నడిపేవాళ్ళు అక్కడ హామీ డబ్బు కట్టాలి. ఆ కాగితం చూపించమనాలి. చూపించకపోతే నేనైతే...

చిన్ని: ఆవిడ నాలుగిళ్ళవతలే ఉంటుందట బాబాయ్. కాగితం అడిగితే ఏమనుకుంటుందో అని రాశాడు.

బాబాయ్: అనుకోనీ. ఎన్నో నెల చీటీ అది?

చిన్ని: అది కూడా రాయలేదు. అడిగి వచ్చే వారం చెప్తా. ఆఁ, వస్తున్నా పిన్నీ!