కారు రంగుకు ఏది కావాలి: వాక్సా, పాలిషా?

అందరికీ నమస్కారం.

షాపులో "కారుకి మంచి పాలిష్ ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చే డబ్బా రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి రంగును సన్నగా అరగదీసేది, రెండోది రంగు మీద పొరగా కూర్చునేది. మొదటిది పాలిష్, రెండోది వాక్స్ (మైనం) లేదా సీలెంట్ (కృత్రిమ పాలిమర్ పూత). ఒకటి తీసేస్తుంది, ఒకటి చేరుస్తుంది. డబ్బా మీద రెండు పేర్లూ కలిపి రాసి ఉంటే వెనక్కి తిప్పి చదవండి. "గీతలు పోగొడుతుంది", "మరకలు తీస్తుంది" అని ఉంటే అందులో రాపిడి పొడి ఉన్నట్టే లెక్క వేసుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, అరగదీయడానికి మన దగ్గర ఉన్నది చాలా తక్కువ. ఇప్పటి కార్లలో రేకు మీద ఉండే పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో మెరుపునిచ్చే పైపొర, క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఆ క్లియర్ కోట్‌లోనే ఉన్నాయి. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ బిల్లులో "రబ్బింగ్, పాలిషింగ్" అని చేర్చనిస్తే, మెరుపు కోసం ఆ రక్షణనే ఖర్చు పెడుతున్నాం. కొన్నేళ్లకి బానెట్ మీదా, టాప్ మీదా తెల్లటి పొక్కులు లేస్తాయి. అప్పుడిక ఏ వాక్సూ పనిచేయదు, మళ్లీ రంగు వేయించాల్సిందే. కాబట్టి ఎండలో చూస్తే గుండ్రంగా సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తున్నప్పుడే పాలిష్ చేయించండి. అదీ అన్నిటికన్నా నున్నటి రకంతో మొదలుపెట్టించండి.

"టెఫ్లాన్ కోటింగ్" గురించి కూడా ఒక మాట. టెఫ్లాన్ 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కారు మీద అంత వేడి పెట్టలేం కనుక అది నాన్‌స్టిక్ పెనం మీద అతుక్కున్నట్టు అతుక్కోదు. ఆ పేరుతో వేసేదాంట్లో నిలిచేది మిగతా పాలిమరో వాక్సో మాత్రమే. వేసేముందు రబ్బింగ్ చేస్తారా అని తప్పకుండా అడగండి.

ఇక వాక్స్ ఎంపిక. కారు ఎక్కడ నిలబడుతుందో చూసుకుని ఎంచుకోవాలి. కార్నౌబా వాక్స్ బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాళజాతి చెట్టు ఆకుల మీంచి వస్తుంది. స్వచ్ఛంగా ఉంటే 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డబ్బాలోకి వచ్చేసరికి నూనెలు, ద్రావకాలు కలిపి మెత్తబరుస్తారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు దాటగలదు. అక్కడ కార్నౌబా నెలా నెలన్నర కన్నా నిలుస్తుందని ఆశించొద్దు. నీడలో ఉండే, ముదురు రంగు కారుకి మాత్రం దాని నిగారింపే వేరు. రోడ్డు మీదే ఎండకూ వానకూ ఉండే కారుకి పాలిమర్ సీలెంట్ మేలు. సరిగ్గా వేస్తే నాలుగైదు నెలలు వస్తుంది. రెండూ కావాలంటే ముందు సీలెంట్, పైన వాక్స్. తిరగేస్తే సీలెంట్‌కి పట్టు దొరకదు.

బోరు నీళ్లతో కడిగేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. వాక్స్ వేశాక నీళ్లు ముత్యాల్లా నిలబడటం చూసి ముచ్చటపడతాం. ఆ బొట్లు ఎండలో ఆరితే అందులోని కాల్షియం, మెగ్నీషియం తెల్లటి వలయాలుగా మిగిలిపోతాయి. అందుకే కడిగిన వెంటనే తుడవాలి. మరక పడితే, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడిపి, ఒకటి రెండు నిమిషాల్లో కడిగేయండి. సెల్లార్ పైకప్పు నుంచి కారే సున్నపు నీళ్ల మరకలకీ ఇదే మొదటి మందు.

వేసే పద్ధతి. కారు నీడలో ఉండాలి, బానెట్ చేతికి చల్లగా తగలాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి కారు షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. బట్టల సర్ఫు వద్దు, అది ఉన్న వాక్స్‌ని లేపేస్తుంది. ఆరబెట్టాక పలచని పాలిథిన్ కవర్ చేతికి తొడిగి రంగు మీద నిమరండి. గరగరలాడితే క్లే బార్ (రంగుకి అంటిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద) కావాలి. షాంపూ నీళ్లు జారేలా చల్లుతూ, బలం పెట్టకుండా నడపాలి. క్లే కింద పడితే ఆ ముక్క పారేయండి, దానికంటిన ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకి నీళ్లు నాలుగు వంతులు కలిపి తుడిస్తే పాత జిడ్డు పోతుంది.

వాక్స్ తక్కువగా వేయడమే నేర్పు. చిన్న కారు మొత్తానికి 20 గ్రాములు చాలు. మందంగా పూస్తే రక్షణ పెరగదు. అది సరిగ్గా ఆరదు, తుడిస్తే చారలు పడుతుంది, మూలల్లో తెల్లగా మిగులుతుంది. ఒక్కో తలుపు, ఒక్కో భాగం చొప్పున పట్టించి వేలితో గీసి చూడండి. గీత శుభ్రంగా వస్తే ఆరినట్టు, చెదిరితే ఇంకా ఆగాలి. పొడి మైక్రోఫైబర్‌తో తుడిచి, గుడ్డ మడత మారుస్తూ ఉండండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే మాస్కింగ్ టేప్ అంటించండి, వాటి మీద తెల్లగా దిగితే తీయడం కష్టం. సీలెంట్ అయితే డబ్బా మీద చెప్పినన్ని గంటలు నీళ్లు తగలనివ్వకండి.

డ్రైవర్ అన్నలకు, వాచ్‌మన్‌లకు ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడిచే అలవాటే ఈ ఊళ్లలో కారు రంగుకి అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఏ వాక్సూ ఆ గీతల్ని ఆపలేదు. నీళ్లు పోసి దుమ్ము జారాకే గుడ్డ పెట్టండి. డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో తుడిస్తే వచ్చే మెరుపు జిడ్డు మెరుపే, గంటలో దుమ్మంతా దానికే పట్టుకుంటుంది. పక్షి రెట్ట కనబడితే తడి గుడ్డ ఐదు నిమిషాలు కప్పి ఉంచి, నానాక ఎత్తేయండి. ఎండలో వదిలేస్తే వాక్స్ ఉన్నా మచ్చ పడుతుంది.

షెడ్డులో కొత్తగా రంగు వేయించిన భాగానికి పెయింటర్ చెప్పినంత కాలం, చెప్పకపోతే కనీసం రెండు నెలలు, వాక్స్ వద్దు. లోపలి ద్రావకాలు బయటికి పోవాలి. ఫ్యాక్టరీ రంగు సుమారు 140 డిగ్రీల వేడిలో కాలి వస్తుంది కనుక దానికి ఈ ఆగడం అక్కర్లేదు, కొత్త కారుకి మొదటి వారమే వేయొచ్చు. మ్యాట్ (మెరుపు లేని) రంగు కారుకి మాత్రం మామూలు వాక్స్, పాలిష్ రెండూ నిషిద్ధం. అది అక్కడక్కడా మెరిసిందంటే, ఆ మెరుపు పోవడానికి మళ్లీ రంగు వేయించడం తప్ప దారి లేదు.