పుట్టపాక రుమాల్ కథలో లోన్ యాప్ లింక్ పెట్టమన్నారు

నమస్తే అందరికీ. మొన్న ఒక లోన్ యాప్‌వాళ్ల నుంచి నాకొక మెయిల్ వచ్చింది, ఇవాళ దాని గురించే మాట్లాడాలి. నల్లగొండలో ఉంటూ నేను పుట్టపాక తేలియా రుమాల్ అనే చేనేత బట్ట మీద చిన్న వెబ్‌సైట్ నడుపుతానని మీలో కొందరికి తెలుసు. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికే పద్ధతి మీద అందులో ఒక పేజీ ఉంది. ఆ పేజీలో ఒక వాక్యం కలిపితే మూడు వేలు ఇస్తారట. చదువుతా, వినండి: "నూలు కొనడానికి డబ్బు అవసరమైన నేతన్నలు ఐదు నిమిషాల్లో లోన్ పొందవచ్చు." ఆ 'ఐదు నిమిషాల్లో లోన్' మీద లింక్ ఉండాలి. యాడ్ అని మాత్రం ఎక్కడా రాయొద్దట.

పెట్టేస్తే ఏం పోతుందన్నా అని మా తమ్ముడు అడిగాడు.

పిల్లనిచ్చే ముందు మనం ఏం చేస్తాం? అబ్బాయి ఊరికి పోయి కిరాణా కొట్టాయనను, బడి సారును, పక్కింటోళ్లను అడుగుతాం. తన గురించి తను ఎవరైనా గొప్పగానే చెప్పుకుంటారు కాబట్టి వేరేవాళ్ల మాట కావాలి. 1998లో స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్, అంటే తర్వాత గూగుల్ పెట్టినవాళ్లు, బయటపెట్టిన పేజ్‌ర్యాంక్ కూడా ఇదే లెక్క. వెతికినప్పుడు ఏ పేజీ పైన రావాలో తేల్చే పద్ధతి అది. నీకు ఎంతమంది లింక్ ఇచ్చారు, ఇచ్చినవాళ్ల పరపతి ఎంత అని చూస్తుంది. ఒక పేజీ ఎన్ని లింకులిస్తే దాని మాట బరువు అన్ని వాటాలవుతుంది. ఊళ్లో ప్రతివాణ్నీ మంచోడే అనే పెద్దమనిషి మాటకు ఎంత విలువుంటుందో మీకు తెలుసు కదా. ఇప్పుడు గూగుల్ ఇంకా చాలా చూస్తుంది కానీ లింకులను వదిలిపెట్టలేదు.

అంటే ఆ లోన్ యాప్‌వాళ్లకు నా పేజీ చదివేవాళ్లతో పనిలేదు, నా సాక్ష్యం కావాలి. రేపు దేవరకొండలో ఎవరో ఆస్పత్రి ఖర్చుకు టెన్షన్ పడుతూ అర్ధరాత్రి లోన్ అని వెతికితే ఆ యాప్ పైన కనపడాలి, దాన్ని పైకి లేపినవాళ్లలో నేనూ ఒకణ్ని కావాలి.

యాడ్ తీసుకోవడం తప్పని నేను అనను. చౌటుప్పల్‌లో రంగులమ్మే ఒకాయన నాకు డబ్బిస్తాడు, ఆ మాట పేజీలోనే రాశాను. ఆ లింక్‌కు 'స్పాన్సర్డ్' అనే గుర్తు కూడా పెట్టాను, గూగుల్ 2019లో తెచ్చింది అది. అంతకుముందు 2005 నుంచే 'నోఫాలో' అనే గుర్తు ఉంది. ఇది డబ్బు తీసుకుని పెట్టిన లింక్, నా మాటగా లెక్కేయకు అని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పడమే వాటి పని. దాచిపెడితే ఏమవుతుందో 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీ చూసింది. దుస్తులు, పక్కబట్టలు, ఏది వెతికినా పైన వాళ్లే ఉండేవాళ్లు. సంబంధం లేని సైట్ల నుంచి డబ్బు పోసి కొన్న లింకులు వేలల్లో ఉన్నాయని పత్రికలో బయటపడేసరికి, ఒక బ్రాండ్ సూట్‌కేసుల వెతుకులాటలో ఒకటో స్థానం నుంచి కొన్ని గంటల్లోనే 71కి పడిపోయింది. మాకేం తెలియదని కంపెనీ చెప్పి, ఆ పని చూసే సంస్థను తీసేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇంకోటి, ఇవ్వాల్సిన లింక్ ఇవ్వకపోవడం. పుట్టపాకలో నేను పెద్దనాయన అని పిలిచే ఒక నేతకారుడు రెండు మధ్యాహ్నాలు నా ముందు కూర్చుని, మోచేతుల దాకా నూనె అంటిన చేతులతో నూలు పిసికి చూపిస్తూ ఒక్కో దశ చెప్పాడు, నేను రాసుకున్నాను. ఒక పెద్ద సైట్ నేను అలా రాసిన మూడు పేరాలూ ఎత్తుకుపోయి, ఆయన చేతుల ఫొటోతో సహా, కింద 'సేకరణ: ఇంటర్నెట్' అని వేసింది. ఇంటర్నెట్ ఏమన్నా నూలు పిసికిందా? ఇప్పుడు వెతికితే మొదట వచ్చేది వాళ్లదే, పెద్దనాయన పేరున్న నా పేజీ రెండో పేజీలో ఎక్కడో ఉంటుంది. మూడుసార్లు రాస్తే, బయటికి లింకులివ్వడం మా పాలసీ కాదన్నారు. లింక్ ఇస్తే మన ర్యాంక్ కారిపోతుందని చాలామందికి భయం, కానీ మంచి పేజీకి లింక్ ఇచ్చినందుకు గూగుల్ ఎవరినీ కిందికి తోయదు.

లోన్ యాప్‌వాళ్లకు కుదరదని రాసేశాను. అదే ఊపులో నా పాత పేజీలన్నీ తిరగేస్తుంటే, నారాయణపేట చీరల గురించి ఒక సారు రాసిన విషయాన్ని నేనే లింక్ లేకుండా వాడుకున్నట్టు కనపడింది. నిన్న రాత్రి ఆయనకు ఫోన్ చేసి చెప్పి, లింక్ పెట్టాను.