చందా పుస్తకం, కృప

అయ్యగారికీ సంఘ పెద్దలకూ, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ వందనాలు. మార్టిన్ లూథరు చర్చి సంస్కరణ మొదలుపెట్టిన రోజును తలచుకునే సంస్కరణ దినం గురించి మాట్లాడమన్నారు. భోజనాల వేళ దాటుతోంది, త్వరగానే ముగిస్తాను.

1517లో జర్మనీలో సన్యాసిగా ఉన్న లూథరు ఎందుకు కలం పట్టాడు? డబ్బు కడితే పాపాలకు శిక్ష తగ్గుతుందంటూ చర్చి పేరిట పాపపరిహార పత్రాలు అమ్ముతున్నారని. ఆ డబ్బులో సగం రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికి, సగం మైంజ్ ఆర్చిబిషప్ అల్బ్రెక్ట్ పదవి కోసం చేసిన అప్పు తీర్చడానికి!

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు." ఎఫెసీ 2:8 సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. మరి పదో వచనం? "సత్‌క్రియలు చేయుటకై" మనల్ని సృష్టించాడని అక్కడే ఉంది. క్రియలు లేని విశ్వాసం మృతమని చెప్పే యాకోబు పత్రిక లూథరుకు పడేది కాదు, 1522లో దాన్ని గడ్డి పత్రిక అన్నాడు. కానీ అదే ఏడాది రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసమున్నవాడు మంచి చేయకుండా ఉండలేడన్నాడు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ కలిసి సంతకాలు పెట్టింది కూడా దీనికే: మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే, ఆ కృపే మనచేత మంచి పనులు చేయిస్తుంది.

ఇదంతా అయ్యగారు నాకన్నా బాగా చెబుతారు. నా బాధ వేరు.

ఒక ఊళ్ళో, పేరెందుకు లెండి, మా పెద్దమ్మ పోయింది. కూలికెళ్ళే మనిషి. శనివారం శనివారం గుడి ఊడ్చేది. పెట్టె వాకిట్లో ఉంది, ఎండ మండిపోతోంది. సమాధుల తోట తాళం సంఘ పెద్ద దగ్గర. ఆయన చందా పుస్తకం తెరిచి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, "రెండేళ్ళ బాకీ ఉందమ్మా, కట్టేస్తే తాళమిస్తా" అన్నాడు. మా అక్క చెవి కమ్మలు తీసి తాకట్టుకు పంపింది. రసీదు చేతికొచ్చాకే పెట్టె లేచింది. సమాధి దగ్గర ప్రసంగం దేనిమీదో తెలుసా? ఉచితమైన కృప మీద!

చందా వద్దనడం లేదు. అయ్యగారి జీతం, కరెంటు బిల్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇవ్వాలి. కానీ శవాన్ని ఆపి వసూలు చేస్తే, ఆనాడు ఆ పాపపరిహార పత్రాలమ్మిన టెట్జెల్‌కీ మనకీ తేడా ఏంటి? ఆకలిగొన్నవాళ్ళకు ఏమీ ఇవ్వకుండా "చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అంటే ఏం ప్రయోజనమని యాకోబు అడిగాడు. మనం ఆ మాట కూడా అనలేదండీ. బాకీ అడిగాం.

మన సంఘ నిబంధనల్లోనూ ఆ రూలుంది. సెక్రటరీ గారూ, నన్నలా చూడకండి. వచ్చే జనరల్ బాడీలో దాన్ని కొట్టేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు ఇప్పుడే చేతులెత్తండి. వెనక వరసలో అమ్మలు, మీరు కూడా.