పంటి నొప్పి దానంతట అదే ఆగిపోయిందా? అప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి

[తెర మీద: కింది దవడ ఫొటో. ఒక దవడ పన్ను గాడిలో చిన్న నల్ల చుక్క.]

ఈ చుక్క చూశారా? ఆవగింజంత కూడా లేదు. ఇదే పంటికి తీసిన ఎక్స్‌రే ఇప్పుడు చూడండి.

[తెర మీద: ఎక్స్‌రే. పన్ను లోపల పెద్ద నల్లటి నీడ.]

పైకి చుక్క, లోపల సగం పన్ను గుల్ల. పిప్పి పన్ను చాలాసార్లు ఇలాగే ఉంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది డాక్టర్ గారూ, రాత్రి నుంచే నొప్పి" అని చెప్తారు. నొప్పి రాత్రి మొదలైన మాట నిజమే. పన్ను పుచ్చడం మాత్రం ఎన్నో నెలల ముందే మొదలై ఉంటుంది.

నమస్కారం. ఈ వీడియోలో ఎక్కువసేపు ఒక్క విషయమే మాట్లాడతాను. పంటి నొప్పి వస్తుంది, నాలుగు రోజులు నిద్ర లేకుండా చేస్తుంది, తర్వాత ఆగిపోతుంది. హమ్మయ్య, తగ్గిపోయిందని ఊరుకుంటాం. అక్కడే పన్ను చేజారిపోతోంది.

[తెర మీద: పన్ను అడ్డుకోత బొమ్మ. మూడు పొరలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

పైన కనిపించే తెల్లటి పొర ఎనామిల్. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది ఇదే. కానీ అందులో ప్రాణమున్న కణాలు లేవు కాబట్టి ఒకసారి రంధ్రం పడితే మళ్ళీ పూడదు. దాని కింద డెంటిన్, మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే పల్ప్.

మనం తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా ఆ చక్కెరను యాసిడ్‌గా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత, ఇది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామనే దానికంటే ఎన్నిసార్లు తిన్నామనేది ముఖ్యం. భోజనం కాగానే ఒక సున్నుండ తినేసి నీళ్ళు తాగితే పెద్ద నష్టం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి చక్కెర టీ తాగితే పంటికి తేరుకునే సమయమే దొరకదు.

మొదట ఎనామిల్ మీద సుద్ద ముక్కలా తెల్లటి మచ్చ వస్తుంది. రంధ్రం ఇంకా పడలేదు. ఫ్లోరైడ్ పేస్టుతో సరిగ్గా బ్రష్ చేసుకుంటూ తీపి తగ్గిస్తే ఇది ఇక్కడే ఆగిపోవచ్చు. డెంటిన్ దాకా వెళ్ళిందంటే చల్లటి నీళ్ళు తగలగానే జివ్వుమంటుంది. ఈ దశలో వస్తే పుచ్చిన భాగం తీసేసి ఫిల్లింగ్ పెడితే చాలు, చాలావరకు ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది.

అప్పుడూ రాకపోతే?

[తెర మీద: పల్ప్ ఎర్రబడుతున్న బొమ్మ.]

బ్యాక్టీరియా పల్ప్‌ను చేరుతుంది. చేతికి దెబ్బ తగిలితే వాస్తుంది, చర్మం సాగుతుంది. పన్ను లోపల సాగడానికి చోటు లేదు. వాపంతా నరం మీద ఒత్తిడిగా మారుతుంది. పడుకోగానే తలవైపు రక్తప్రసరణ పెరిగి నొప్పి ఇంకా తీవ్రమవుతుంది. కొందరు చేతిలో చల్లటి నీళ్ళ సీసాతో క్లినిక్‌కి వస్తారు. ఒక గుక్క పుక్కిట పట్టుకుంటే నొప్పి ఆగుతుంది, ఉమ్మేయగానే మళ్ళీ మొదలు. అలా వచ్చారంటే ఆ పల్ప్ ఇక కోలుకునే స్థితిలో లేదని మాకు సగం అర్థమైపోతుంది.

ఆ తర్వాత ఒక రోజు నొప్పి పూర్తిగా పోతుంది. నరం చచ్చిపోయింది, అంతే. నొప్పి చెప్పే దిక్కు లేదు కానీ ఇన్‌ఫెక్షన్ లోపలే ఉంది. వేరు చివర నుంచి దవడ ఎముకలోకి దిగుతుంది. చిగురు మీద చిన్న చీము పొక్కు లేచి, చితికి, మళ్ళీ లేస్తుంటుంది. చీము బయటికి పోతున్నంత కాలం నొప్పి ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇలాంటి పొక్కు మీకుంటే, ఈ వీడియో పూర్తయ్యాక కాదు, ఇప్పుడే ఆపి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. చచ్చిపోయిన పల్ప్‌లోకి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళని చోటికి మందూ చేరదు. జ్వరం, వాపు ఉన్నప్పుడు డాక్టర్ రాస్తే వాడాలి. పన్ను లోపలి చెత్త తీయకుండా మందు మింగుతూ పోతే జబ్బు మళ్ళీ వస్తుంది.

లవంగ నూనె కాసేపు మొద్దుబారుస్తుంది. దూదికి అద్ది పంటికి పెట్టండి, చిగురు మీద మాత్రం పోయకండి. ఆస్పిరిన్ బిళ్ళ పంటి పక్కన పెట్టుకోవడం మాత్రం దయచేసి మానేయండి. ఆ చోట చిగురు తెల్లగా కాలిపోతుంది.

[తెర మీద: రూట్ కెనాల్ దశలు, యానిమేషన్.]

ఇక రూట్ కెనాల్, అంటే పాడైన పల్ప్‌ను తీసేసి పన్నును నిలబెట్టే చికిత్స. పేరు వింటేనే టెన్షన్ పడతారు. ముందు ఇంజెక్షన్‌తో ఆ చోటు మొద్దుబారుస్తారు. పైన దారి చేసి, సన్నటి ఫైల్స్‌తో వేరు లోపలి నాళాలను గీకి, మందు ద్రావణంతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో మూసేస్తారు. ఒకటి నుంచి మూడు సిట్టింగులు. దవడ పంటికి దాని మీద క్యాప్ వేయించుకోవాలి. నొప్పి పోయింది కదా, డబ్బులెందుకని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లోపల అంత భాగం పోయిన పన్ను నమిలే బలానికి నిలువునా చీలుతుంది. చీలితే పీకడం తప్ప దారి ఉండదు. నాకు బాగా బాధ కలిగించేది ఇదే, కష్టమైన పనంతా అయ్యాక పన్ను పోగొట్టుకోవడం.

పై పన్ను పీకితే చూపు పోతుందన్న భయం ఇంకా ఉంది. పంటికి స్పర్శనిచ్చే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. భయపడక్కర్లేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నదీ అంతే. చిగుళ్ళు అప్పటికే దిగిపోయి ఉంటాయి, సందుల్ని గార కప్పేసి ఉంటుంది. గార తీసేసరికి ఉన్న వదులు బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడమూ కష్టం.

పిల్లల గురించి ఒక మాట. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. అదీ పాలపన్నే, ఊడిపోతుందిలే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఈ రోజే టార్చి వేసి చూడండి.

[తెర మీద: బ్రష్ మీద బియ్యపు గింజంత పేస్టు, పక్కన బఠానీ గింజంత పేస్టు.]

సుమారు 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రోజూ రెండుసార్లు, రెండేసి నిమిషాలు. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత. రాత్రి బ్రషింగ్ అస్సలు మానకండి, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి.

నల్గొండ, ప్రకాశం వైపు నుంచి, ఫ్లోరైడ్ అంటేనే భయం సార్, పేస్టు వాడొచ్చా అని అడుగుతుంటారు. ఆ భయంలో న్యాయముంది. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే మొదట నమోదు చేశారు. పళ్ళు తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలొస్తాయి. పేస్టు మింగకుండా ఉమ్మేస్తాం, అదీ తేడా. మీ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే చిన్నపిల్లల పేస్టు విషయం డాక్టర్‌ని అడిగే నిర్ణయించండి.

గడ్డం కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఖర్చు భయంతో వాయిదా వేస్తున్నవాళ్ళకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. వెళ్ళేటప్పుడు బీపీ, షుగర్, రక్తం పలచబడే మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి. పన్ను పీకించుకోవాలని ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి, ఆపాలో వద్దో డాక్టర్ చెప్తారు.