నత్రజని క్యానులోని ప్రాణం

శ్రోతలకు నమస్కారం. కోనసీమలో ఎదకు వచ్చిన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకువెళ్లిన రైతు, డాక్టరుగారు క్యాను మూత తీసి, తెల్లని పొగలోంచి పట్టకారుతో సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని పైకి తీయడం చూసే ఉంటాడు. పావు మిల్లీలీటరు పట్టే ఆ గొట్టంలో కృత్రిమ గర్భధారణకు వాడే దాదాపు రెండు కోట్ల ముర్రా జాతి దున్న వీర్యకణాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. అంత చలిలో రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి కనుక నిలవ కాలం వాటిని పెద్దగా చెరపదు. గండమంతా గడ్డకట్టేటప్పుడూ, తిరిగి కరిగేటప్పుడూ ఉంది.

నీరు మంచు పలుకులై కణాన్ని చీల్చడం అందులో మొదటిది. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు గ్లిజరాల్ కలిపితే కోడిపుంజు వీర్యకణాలు గడ్డకట్టి కరిగాక కూడా కదులుతాయని చూపడంతో దానికి చాలావరకు విరుగుడు దొరికింది.

రెండోది మన వంటింట్లోనూ ఉంది. సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఎక్కువ రోజులుంటే ముక్కిన వాసన వేస్తాయి. నూనెను ఆక్సిజన్ చెరపడమే అందుకు కారణం. వీర్యకణపు పొరలోనూ అలా సులువుగా చెడే కొవ్వులే మెండు. చల్లబడి కరిగే ఒడిదుడుకుల్లో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తడబడి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు వెలువడతాయి. వాటివల్ల పొరలో ఒక కొవ్వు అణువు చెడితే, అది పక్కదాన్ని చెరుపుతూ గొలుసుకట్టుగా సాగుతుంది. చచ్చిన కణాలు సైతం బతికినవాటి చుట్టూ పెరాక్సైడ్ పెంచుతాయి. దాన్ని విరగ్గొట్టే కాటలేజ్ వంటి ఎంజైములకు చోటిచ్చే కణద్రవ్యం వీర్యకణంలో బహు తక్కువ. తేలిగ్గా ఈదడానికి బరువులన్నీ దించుకుంటూ గొడుగు కూడా ఇంటి దగ్గరే వదిలేసి వచ్చిందన్న మాట. ఆబోతు వీర్యంకన్నా దున్న వీర్యం ఈ గడ్డకట్టడానికి తక్కువ తట్టుకుంటుంది కనుక మన ప్రాంతానికి ఇది చిన్న సంగతి కాదు.

అందుకే పరిశోధకులు వీర్యాన్ని కలిపి నిలవ చేసే గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ ద్రావణంలో విటమిన్ ఇ, గ్లుటాథయోన్ వంటి, ఆక్సిజన్ చెరుపును అడ్డుకునే ప్రతిఆక్సీకారకాలను కలిపి చూస్తున్నారు. విటమిన్ ఇ పొరలోనే కూర్చుని ఆ గొలుసును తెంపుతుంది. గ్లుటాథయోన్ నీటి భాగంలో పనిచేస్తుంది. అయితే మోతాదు మించితే లాభం లేదు, ఎందుకంటే అండాన్ని ఫలదీకరించే శక్తి రావడానికి ఆ చురుకైన ఆక్సిజన్ రూపాలే కొద్దిగా కావాలి. పూర్తిగా తుడిచిపెట్టాలన్న ఉత్సాహం ఇక్కడ పనికిరాదు.

ఇంత చేసినా, చివరి అర నిమిషంలో అంతా పోవచ్చు. గొట్టాన్ని చొక్కా జేబులో వేసుకుని గట్టు దాటేలోపు అది మెల్లగా కరిగితే మంచు పలుకులు మళ్లీ పెద్దవవుతాయి. 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి, పైన తడి లేకుండా తుడిచి, కొన కత్తిరించి, వెంటనే వాడాలి.