కానుకల కాగితం: నలిపి చూడండి

వ్యాఖ్యాత: నమస్కారం. కావలి నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మాయి పెళ్లికి వచ్చిన కానుకల కాగితాలతో రెండు గోతాలు నిండాయి. పారేయడానికి మనసొప్పక, నేనూ మా తోడికోడలూ రెండు రోజులు కూర్చుని టేపంతా ఊడదీసి, చదును చేసి, పాత పేపర్లు కొనే అతనికి ఇవ్వబోతే, పైనున్న నాలుగు చూసి వద్దని వెళ్లిపోయాడు. టేపు తీసినా ఎందుకు తీసుకోలేదండీ?

నిపుణురాలు: ఒక కాగితాన్ని గుప్పిట్లో గట్టిగా నలిపి వదలండమ్మా. ఉండలాగే ఉండిపోతే అది కాగితం. విచ్చుకుంటే దానికి ప్లాస్టిక్ పొర ఉన్నట్టు. మిల్లులో పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. ఆ మెరుపు పొర నీళ్లలో కరగదు.

శ్రోత: విచ్చుకుంటోందండీ! దినపత్రికల మధ్యలో పెట్టి ఇస్తే?

నిపుణురాలు: అలా చేయకండమ్మా, మంచి కాగితం కూడా పాడవుతుంది. మున్సిపాలిటీ బండిలో పొడి చెత్తగా వేసినంత మాత్రాన ప్రతిదీ మళ్లీ కాగితం కాదు. నీళ్ల పొయ్యిలో మాత్రం కాల్చకండి, ఆ ప్లాస్టిక్ పొగ పిల్లలు పీలుస్తారు.

శ్రోత: అంటే, టేపు పూర్తిగా తీసినా కుదరదంటారా?

నిపుణురాలు: కుదరదమ్మా. ఇబ్బంది ఆ పొరతోనే అని చెప్పాను కదా. అయినా మీ శ్రమ వృథా కాలేదు, చదును చేసిన వాటితోనే మళ్లీ కానుకలు చుట్టండి. కొత్తది కొనకండి. పేరంటాల్లో పెట్టిన రవికె గుడ్డలు మీ బీరువాలో ఎన్నో ఉండి ఉంటాయి. గుడ్డను ఐమూలగా పరిచి, నడుమ కానుక ఉంచి, ఎదురెదురు కొసలు రెండేసి ముడి వేయండి. ఐమూల కొలత కానుక పొడవుకు మూడింతలుంటే ముడి చక్కగా కుదురుతుంది. జపానువారు దీనినే ఫురోషికి అంటారు. మూట కట్టడం మనకు ఒకరు నేర్పాలా? విప్పిన గుడ్డ పుచ్చుకున్నవారికే ఉంటుంది, వారు మరొకరికి కట్టి ఇస్తారు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. ఒంగోలు నుంచి మరొకరు.

శ్రోత: మిఠాయి పెట్టెలకు పైన చుట్టే పల్చటి ప్లాస్టిక్ సంగతేమిటండీ?

నిపుణురాలు: 2022 జూలై 1 నుంచి దానిపై దేశమంతటా నిషేధం ఉంది. అలా చుట్టి ఇస్తే వద్దని దుకాణంలోనే చెప్పండి.

వ్యాఖ్యాత: కందుకూరు శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత: పుస్తకాలకు వేసే ఖాకీ అట్టల కాగితం చుట్టవచ్చా?

నిపుణురాలు: నలిపి చూసి, విచ్చుకోకపోతే నిస్సందేహంగా చుట్టవచ్చు. టేపుకు బదులు జనపనార తాడు కట్టండి, చమ్కీలు అంటించకండి. అయితే వెంటనే తుక్కుకు వేయవద్దు. కరిగించిన ప్రతిసారీ కాగితపు నార పొట్టిదవుతుంది కాబట్టి, చిరిగేదాకా వాడిన తర్వాతే ఇవ్వండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ధన్యవాదాలు.