అండర్‌స్కోర్ వెనక దాచినవి

అందరికీ నమస్కారం.

చాలా ఏళ్లు జావాలో ప్రోగ్రాములు రాసి, ఆ తర్వాత గో అనే భాషకి వచ్చినవాణ్ణి నేను. మొదటి రోజే కంపైలర్‌తో, అంటే మన కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చేదానితో, పేచీ. ఒక వేరియబుల్ పెట్టి వాడటం మరిచిపోయాను. జావాలో అయితే ఎడిటర్ పసుపు గీత గీసి ఊరుకునేది. ఇక్కడ బిల్డే అవలేదు. వాడని ఇంపోర్ట్, అంటే తెచ్చిపెట్టుకుని ముట్టుకోని లైబ్రరీ, ఉన్నా అంతే. ఇదేం చాదస్తంరా బాబూ అనుకున్నాను.

ఈ భాషను 2007లో గూగుల్‌లో మొదలుపెట్టినవాళ్లు రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్. 2009లో బయటపెట్టారు. భాష తనకోసం ఉంచుకున్న పదాలు, అంటే కీవర్డులు, 25. క్లాసుల్లేవు, ఇన్‌హెరిటెన్స్ లేదు. ఒకే కోడ్‌ని రకరకాల డేటాకి వాడనిచ్చే జెనెరిక్స్ కూడా 2022 దాకా రాలేదు. అంత సరళం.

భాష మారినా చెయ్యి మారదు కదా. డేటాని మూటగట్టే ప్రతి స్ట్రక్ట్‌కీ ఒక ఇంటర్‌ఫేస్, దానికో ఫ్యాక్టరీ, పైన ఒక మేనేజర్, ఇలా పొర మీద పొర... జావాలో ఇదంతా పాండిత్యం కింద చెల్లిపోయేది. గోలో మాత్రం, "అన్నా, ఫైల్ చదవడానికి ఇన్ని ఫైళ్లెందుకు?" అని ఒక జూనియర్ కోడ్ రివ్యూలో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంతవరకూ సరళతే గెలిచింది. అయితే మరీ మురిసిపోకండి.

ఒక సర్వీస్‌లో సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ చదివే చోట ఎర్రర్‌ని అండర్‌స్కోర్‌లో పడేశాను, తర్వాత చూద్దాంలే అని. గోలో అండర్‌స్కోర్ అంటే ఈ విలువ నాకక్కర్లేదని చెప్పడం. తర్వాతి లైన్‌లో జేసన్ అన్‌మార్షల్, అంటే ఆ ఫైల్‌లోని జేసన్ రాతని సెట్టింగులుగా మార్చడం. అది ఇచ్చే ఎర్రర్‌ని అసలు పట్టుకోనే లేదు, కంపైలర్ కిమ్మనలేదు! వాడని వేరియబుల్‌కి గొడవ చేసేది, వదిలేసిన ఎర్రర్‌ని మాత్రం పోనీలే అంటుంది. ప్రొడక్షన్‌లో ఫైల్ పేరు తప్పు పడింది. సెట్టింగులన్నీ సున్నాలయ్యాయి, అందులో టైమౌట్ కూడా. వేరే సర్వర్లకి రిక్వెస్టులు పంపే గో హెచ్‌టీటీపీ క్లయింట్‌లో టైమౌట్ సున్నా అంటే అసలు గడువే లేదని అర్థం. అవతలి సర్వర్ పలకడం మానేసిన రాత్రి మా రిక్వెస్టులు ఒకదాని వెనక ఒకటి అలా వేలాడుతూనే ఉన్నాయి. లాగ్‌లో ఒక్క ముక్క లేదు.

కాబట్టి సరళమైన భాష తప్పును ఆపదు. చదివేవాడి కంట్లో పడేలా చేస్తుంది, అదీ చదివేవాడంటూ ఒకడుంటే. ఆ రెండు లైన్లూ ఏ తెరా లేకుండా నెలల తరబడి అక్కడే ఉన్నాయి మరి.

మర్నాడు వదిలేసిన ఎర్రర్లను వెతికే ఎర్‌చెక్ అనే టూల్ నడిపాం. అండర్‌స్కోర్లను కూడా పట్టమని దానికి విడిగా చెప్పాలి, లేకపోతే అదీ వదిలేస్తుంది. స్క్రీన్ నిండిపోయింది. ఏ లైన్ ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ తీస్తే చాలా లైన్ల పక్కన నా పేరే.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ జూనియర్ కూడా ఇక్కడే కూర్చున్నాడు, వాడికి మాత్రం మైక్ ఇవ్వకండి.